లెక్కల మిషన్‌కి రేడియోతో ఏం పని?

హెచ్‌పీ 48 క్యాలిక్యులేటర్ మీద ‘నమస్కారం’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలంటే వేళ్లు ఇలా తిరగాలి. ముందు ఆల్ఫా మీట రెండుసార్లు నొక్కి, మిషన్‌ని అక్షరాల దారిలో పెట్టాలి. ఎన్ కోసం ఎస్‌టీఓ మీట. లెక్కల్లో అది విలువను దాచిపెట్టే మీట. ఏ కోసం అన్నిటికన్నా పైవరసలో ఎడమ చివరిది. ఎం కోసం ఒంటి కొటేషన్ గుర్తున్న మీట. ఎస్ కోసం సైన్. ఇదొక్కటి సులువుగా గుర్తుంటుంది గానీ మురిసిపోకండి, అది కాకతాళీయం. పక్కనే కాస్ మీట మీద టీ, టాన్ మీద యూ కూర్చున్నాయి. కే కోసం పైబాణం, ఆర్ కోసం కుడిబాణం. మామూలు కీబోర్డు అలవాటైన చేతికి ఇది కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టే ఉంటుంది.

అంత కష్టపడి కొట్టిన ఆ పది అక్షరాలు క్యాలిక్యులేటర్‌లో ఆగిపోకుండా వైరు దాటి, రేడియో ఎక్కి, పాతిక కిలోమీటర్ల అవతల ఇంకో హ్యామ్ (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో ప్రసారాలు చేసే ఔత్సాహికుడు) స్క్రీన్ మీద తేలడం 1990ల్లో సాధ్యమైన పనే. కొందరు చేశారు కూడా. మొదటిసారి వింటే రెండు అనుమానాలు వస్తాయి. క్యాలిక్యులేటర్‌లో రేడియో ఎక్కడుంది? సిగ్నల్‌ని అక్షరాలుగా మార్చేంత శక్తి దానికెక్కడిది? రెండిటికీ ఒకటే జవాబు: లేదు, అవసరమూ లేదు. కష్టమైన పనంతా ఇంకెవరో చేస్తున్నారు. క్యాలిక్యులేటర్‌కి వచ్చిన చిక్కులు వేరే చోట ఉన్నాయి.

ఎవరి పని ఎవరిది

ఇలా సందేశాన్ని చిన్న చిన్న కట్టలుగా రేడియోలో పంపడాన్ని ప్యాకెట్ రేడియో అంటారు. అందులో మూడు వస్తువులుంటాయి. టెర్మినల్, టీఎన్‌సీ, రేడియో. టీఎన్‌సీ అంటే టెర్మినల్ నోడ్ కంట్రోలర్, పుస్తకమంత డబ్బా. పాత పోస్టాఫీసు గుర్తున్నవాళ్లకి చెప్పడం తేలిక. ఉత్తరం రాసేవాడు టెర్మినల్. దాన్ని కవర్లో పెట్టి, చిరునామాలు రాసి, ముద్ర కొట్టి, రిజిస్టర్లో ఎక్కించి, అక్నాలెడ్జ్‌మెంట్ రాకపోతే మళ్లీ పంపే పోస్టుమాస్టర్ టీఎన్‌సీ. సంచీ మోసుకెళ్లే బస్సు రేడియో. బస్సుకి ఉత్తరంలో ఏముందో తెలియదు. ఉత్తరం రాసేవాడికి బస్సు ఏ రూట్లో పోతుందో తెలియదు. పోస్టుమాస్టర్‌కి మాత్రం ఊపిరి సలపదు.

ఈ డబ్బా చరిత్ర చిన్నదే. రేడియోలో డేటాని ముక్కలు ముక్కలుగా పంపొచ్చని 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం అలోహానెట్‌తో చూపించింది. హ్యామ్‌లలో ముందు దిగింది కెనడావాళ్లు. 1978 మే 31న మాంట్రియల్ హ్యామ్‌లు మొదటి ప్యాకెట్లు పంపారు. ఆ తర్వాత వాంకూవర్ బృందం సర్క్యూట్ బోర్డు తయారుచేసింది. అమెరికాలో హ్యామ్‌లకి ఆస్కీ (ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే కంప్యూటర్ పద్ధతి) అక్షరాలు పంపే అనుమతి 1980లో వచ్చింది. అరిజోనా రాష్ట్రం టూసాన్ ఊళ్లో పుట్టిన టాపర్ అనే హ్యామ్‌ల సంఘం 1985లో తెచ్చిన టీఎన్‌సీ-2 ఎంత ఆడిందంటే, దాని నకళ్లు చాలా కంపెనీలు చేసి అమ్మాయి. లోపల ఉండేది జడ్80 ప్రాసెసర్, అంటే అప్పటి ఇంటి కంప్యూటర్లలో ఉన్నదే. టీఎన్‌సీ కూడా నిజానికి ఒక కంప్యూటరే. స్క్రీను, మీటలు లేవు, అంతే. వాటికోసమే పక్కన ఇంకోటి కావాల్సి వచ్చింది.

అందుకే ఆ పక్క వస్తువు ఎంత తెలివితక్కువదైనా సరిపోతుంది. పాత టెలిప్రింటర్ అయినా, ఇంట్లో పడేసిన కంప్యూటరైనా, క్యాలిక్యులేటర్ అయినా టీఎన్‌సీకి ఒకటే. అక్షరాలు ఒక్కొక్కటిగా ఇస్తే తీసుకుంటుంది. ఒక్కొక్కటిగా తిరిగి ఇస్తుంది.

పది అక్షరాల మాట, ఇరవై బైట్ల పల్లకీ

పోస్టుమాస్టర్ ఏం చేస్తాడో ఒకసారి దగ్గరగా చూద్దాం. మన ‘నమస్కారం’ పది అక్షరాలు, చివర ఎంటర్‌తో కలిపి పదకొండు బైట్లు. వీటిని టీఎన్‌సీ ఏఎక్స్.25 అనే పద్ధతిలో కడుతుంది. టెలిఫోన్ కంపెనీల డేటా నెట్‌వర్కుల కోసం పుట్టిన ఎక్స్.25ని హ్యామ్‌లు తమకి తగ్గట్టు మార్చుకున్నదే ఇది. ‘ఏ’ అంటే అమెచ్యూర్. 2.0 వెర్షన్ 1984లో అచ్చయింది.

ముందు ఒక జెండా బైటు, 01111110. తర్వాత ఎవరికి అన్నది ఏడు బైట్లు, ఎవరి నుంచి అన్నది ఏడు బైట్లు. ఏడులో ఆరు కాల్‌సైన్‌కి, అంటే లైసెన్సుతో పాటు హ్యామ్‌కి వచ్చే గుర్తింపు పేరుకి. మిగిలిన ఒక్కదాంట్లో 0 నుంచి 15 దాకా ఒక అంకె ఉంటుంది. ఒకే మనిషికి ఇంట్లో ఒక స్టేషన్, కొండమీద ఒక స్టేషన్ ఉంటే విడివిడిగా గుర్తుపట్టడానికి అది. ఆ తర్వాత ఇది ఏ రకం ప్యాకెట్టో, వరస నంబరెంతో చెప్పే ఒక బైటు, లోపలున్నదేమిటో చెప్పే ఇంకో బైటు, అప్పుడు మన పదకొండు. చివర తప్పులు పట్టే రెండు బైట్ల చెక్‌సమ్, ముగింపు జెండా. మొత్తం ముప్పై ఒకటి. అంటే పదకొండు బైట్ల మాటకి ఇరవై బైట్ల పల్లకీ. దుబారాగా కనిపిస్తుంది గానీ, హ్యామ్‌లకి ఇందులో ఒక లాభముంది. ప్రసారం చేసేటప్పుడు కాల్‌సైన్ చెప్పుకోవాలన్నది నియమం. ఇక్కడ ప్రతి ప్యాకెట్టూ కాల్‌సైన్ మెళ్లో వేసుకునే బయల్దేరుతుంది.

జెండాలో వరసగా ఆరు ఒకట్లున్నాయి. సందేశంలోనే అలాంటి వరస వస్తే? అవతలివాడు అది ముగింపు అనుకుని ప్యాకెట్టు మూసేస్తాడు. అందుకని పంపేవాడు ఐదు ఒకట్లు వరసగా వచ్చిన ప్రతిసారీ ఒక సున్నా దూరుస్తాడు, తీసుకునేవాడు దాన్ని పీకేస్తాడు. ఇందులో ఇంకో సుఖం ఉంది. రేడియోలో ఒకటి, సున్నా అంటూ వేరువేరు స్వరాలేమీ ఉండవు. ఉన్నవి 1200 హెర్ట్జ్, 2200 హెర్ట్జ్ అనే రెండు ఈలలు. ఈల మారితే సున్నా, మారకపోతే ఒకటి. ఒకట్లే వరసగా వస్తే ఈల మారకుండా సాగిపోతుంది, తీసుకునేవాడికి తాళం తప్పుతుంది. ఆ దూర్చిన సున్నా తాళం కూడా నిలబెడుతుంది. నన్నడిగితే మొత్తం పద్ధతిలో అందమైన చోటు ఇదే.

ఇప్పుడు సమయం లెక్క. ముప్పై ఒక బైట్లంటే 248 బిట్లు. సెకనుకి 1200 చొప్పున, దూర్చిన సున్నాలు వదిలేస్తే, ఐదో వంతు సెకనులో అయిపోతుంది. కానీ రేడియో మీట నొక్కగానే ప్రసారం నిలకడగా మొదలవదు. అందుకని టీఎన్‌సీ-2 ముందు 300 మిల్లీసెకన్లు ఉత్త జెండాలే పంపుతూ ఆగుతుంది. పాట కన్నా గొంతు సవరింపు ఎక్కువన్నమాట. ఇక క్యాలిక్యులేటర్ మీద ఆ మాట కొట్టడానికి మీకు పట్టిన పదిహేను సెకన్ల ముందు ఈ రెండూ ఏపాటి? టెర్మినల్ వేగం గురించి టెన్షన్ అక్కర్లేదనడానికి ఇదే కారణం. నిదానం మనిషి వేళ్లలో ఉంది.

అవతలివాడికి చెక్‌సమ్ సరిపోతే అందిందని చిన్న ప్యాకెట్టు తిరిగి పంపుతాడు. సరిపోకపోతే నోరెత్తడు. పారేస్తాడు. ఇటు టీఎన్‌సీ కాసేపు చూసి మళ్లీ పంపుతుంది. టీఎన్‌సీ-2 మామూలుగా మూడు సెకన్లు ఆగుతుంది, పదిసార్ల దాకా ప్రయత్నిస్తుంది. మధ్యలో ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగి, ఖాళీ దొరికాక పంపుతుంది. ఈ తంటాలేవీ క్యాలిక్యులేటర్‌కి తెలియవు.

క్యాలిక్యులేటర్‌కి అసలు పోర్టు ఎందుకుంది

మన దగ్గర సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ అంటే ఇంజనీరింగ్ కాలేజీలో కాసియోనే. దానికి వైరు పెట్టే చోటు ఉండదు. 1990లో వచ్చిన హెచ్‌పీ 48ఎస్ఎక్స్ వేరే జాతి. దాన్ని అమెరికాలో ఆరిగాన్ రాష్ట్రం కోర్వాలిస్‌లో రూపొందించారు. 131 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు స్క్రీను, మూడు సన్న బ్యాటరీలు, 32 కిలోబైట్ల మెమరీ. 1993లో వచ్చిన జీఎక్స్‌లో మెమరీ 128 కిలోబైట్లయింది. తలమీద నాలుగు పిన్నుల సీరియల్ పోర్టు, అంటే బిట్లని ఒకదాని వెనక ఒకటి పంపే వైరు పెట్టే చోటు ఉంటుంది. ఒకటి షీల్డు, ఒకటి పంపడానికి, ఒకటి తీసుకోవడానికి, ఒకటి గ్రౌండు. రాసుకున్న ప్రోగ్రాములు కంప్యూటర్‌కి ఎక్కించడానికి, దించుకోవడానికి ఇచ్చారు దాన్ని. పక్కనే ఇన్‌ఫ్రారెడ్ కన్ను కూడా ఉంది. దాని చూపు రెండంగుళాలకి మించదు. పరీక్ష హాల్లో బెంచీకి బెంచీకి మధ్య జవాబులు ఎగరకూడదని దాన్ని కావాలనే అంత పొట్టిగా ఉంచారు. పిల్లలు ఎక్కడైనా పిల్లలేగా.

పోర్టు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. అందులో సిద్ధంగా ఉన్నది కెర్మిట్, అంటే ఫైళ్లు మార్చుకునే పద్ధతి. అవతలివైపు కూడా కెర్మిట్ మాట్లాడేవాడుంటేనే అది నడుస్తుంది. టీఎన్‌సీకి కెర్మిట్ రాదు, దానికి వచ్చింది వట్టి అక్షరాలు. అదృష్టం ఏమిటంటే హెచ్‌పీ కెర్మిట్ కింద ఉన్న నేలమాళిగ తలుపు కూడా తెరిచే ఉంచింది. పోర్టు తెరవడానికి ఓపెన్‌ఐఓ, అక్షరాలు పంపడానికి ఎక్స్‌మిట్, ఎన్ని వచ్చాయో చూడటానికి బఫ్‌లెన్, వచ్చినవి తీసుకోవడానికి ఎస్‌రెక్వ్. ఈ నాలుగు ఆదేశాలే టెర్మినల్ ప్రోగ్రాముకి నాలుగు కాళ్లు.

వైరు దగ్గర మొదటి బోర్లా

కంపెనీ ఇచ్చే కేబుల్ కంప్యూటర్‌కి పెట్టడానికి చేసినది. కంప్యూటర్ మూడో పిన్ను మీద మాట్లాడుతుంది, రెండో పిన్ను మీద వింటుంది అనుకుని దానికి ఎదురుగా కట్టారు. టీఎన్‌సీ కూడా కంప్యూటర్‌కి పెట్టడానికి చేసినదే. ఈ రెంటినీ నేరుగా కలిపితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, ఒకే తీగ మీద చెవి పెట్టి కూర్చుంటారు. పెళ్లిచూపులకి రెండు వైపులా మగపెళ్లివారే వచ్చినట్టు. మధ్యలో పంపే తీగ, తీసుకునే తీగ తారుమారు చేసే నల్ మోడెమ్ ముక్క పెట్టాలి. ఇది తెలియక పోర్టే కాలిపోయిందనుకోవడం సులువు.

వోల్టేజీ సంగతి రెండోది. సీరియల్ పోర్టుల కోసం రాసిన ఆర్ఎస్-232 నియమం ప్రకారం పంపేవాడు అటు ఐదు, ఇటు ఐదు వోల్టులకి తక్కువ కాకుండా ఊపాలి. మూడు సన్న బ్యాటరీల మీద బతికే వస్తువు దగ్గర అంత ఊపు ఆశించకూడదు. అయినా నడుస్తుంది. కారణం, ఆ రోజుల్లో వాడిన రిసీవర్ చిప్‌లు రెండు వోల్టుల లోపే ఇటా అటా తేల్చుకుంటాయి. వైరు పొట్టిగా ఉంటే గొడవ లేదు.

మూడోది చూడటానికి సరదాగా ఉంటుంది. టీఎన్‌సీ-2 పెట్టెలోంచి తీసినప్పుడు ఏడు బిట్లు, సరి ప్యారిటీతో ఉంటుంది. అంటే ప్రతి అక్షరంలో ఒకట్ల సంఖ్య సరిగా ఉండేలా ఎనిమిదో బిట్టు సర్దుతుంది. క్యాలిక్యులేటర్‌ని ప్యారిటీ లేకుండా పెడితే ఆ ఎనిమిదో బిట్టుని కూడా అక్షరంలో భాగమనుకుంటుంది. టీఎన్‌సీ ఆదేశం కోసం ఎదురుచూస్తూ ‘సీ ఎం డీ’ అక్షరాలు, పక్కన కోలన్ చూపిస్తుంది. చిన్న సీలో ఒకట్లు నాలుగు, సరి, కాబట్టి బాగానే వస్తుంది. ఎంలో ఐదు, బేసి. ఎనిమిదో బిట్టు ఎక్కుతుంది, 109 కాస్తా 237 అవుతుంది, స్క్రీను మీద తలమీద ఏటవాలు గీతతో ఐ కనిపిస్తుంది. డీలో మూడు, మళ్లీ బేసి. రెండు చుక్కల టోపీ పెట్టుకున్న ఏ వస్తుంది. కోలన్‌లో నాలుగు, సరి, చక్కగా ఉంటుంది. సగం చదవగలిగే చెత్త ఇలా వస్తే వైరు, వేగం సరిగ్గానే ఉన్నాయని, తప్పు ప్యారిటీలోనని తేల్చేసుకోవచ్చు. పూర్తిగా చెత్త వస్తే వేగం తేడా. ఏమీ రాకపోతే వైరు. ఈ మూడు సంగతులు తెలిస్తే ఒక ఆదివారం మిగులుతుంది.

ప్రోగ్రాములో అసలు కిటుకు

హెచ్‌పీ 48 భాష ఆర్‌పీఎల్. అందులో టైప్ చేయించుకునే ఇన్‌పుట్ అనే ఆదేశం సిద్ధంగా ఉంది. కొత్తగా రాసేవాళ్లు దాన్నే పట్టుకుంటారు, అక్కడే ఇరుక్కుంటారు. ఇన్‌పుట్ మన కోసం ఎదురుచూస్తున్నంతసేపూ స్క్రీను కదలదు. ఈలోగా రేడియోలో వచ్చిన అక్షరాలు బఫర్లో చేరుతుంటాయి. ఆ బఫర్ 255 బైట్లు. సెకనుకి 9600 బిట్ల వేగంలో పావు సెకను దాటిన కాస్సేపటికే నిండిపోతుంది. 1200లో అయితే రెండు సెకన్లు పైచిలుకు పడుతుంది. నిండాక వచ్చినవి గాలికే. కాబట్టి వేగం తగ్గించి పెట్టుకోవడమే తెలివి. రేడియో ఎలాగూ 1200 దాటదు. దానికి తోడు బఫర్ నిండబోతుంటే క్యాలిక్యులేటర్ ‘ఆగు’ అని ఒక అక్షరం, ఖాళీ అయ్యాక ‘కానీ’ అని ఇంకో అక్షరం పంపే ఏర్పాటుంది. దాన్ని రెండు వైపులా ఆన్ చేయాలి. మిగతా కంప్యూటర్లలో ఈ పనికి విడిగా తీగలుంటాయి. ఇక్కడ పంపే తీగ ఒకటి, తీసుకునే తీగ ఒకటి. వాటిలోనే సర్దుకోవాలి.

మెరుగైన దారి కీ అనే ఆదేశం. అది ఎవరికోసమూ ఆగదు. ఏదైనా మీట నొక్కి ఉంటే దాని చోటు చెబుతుంది, లేకపోతే సున్నా ఇచ్చి పక్కకి తప్పుకుంటుంది. కాబట్టి ప్రోగ్రాము గిరగిరా తిరుగుతూ ఒకసారి మీటల వైపు, ఒకసారి బఫర్ వైపు చూడగలదు. మీట చోటు వరస, నిలువు అంకెలతో వస్తుంది. సైన్ అంటే నాలుగో వరస మొదటిది, 41. దీన్ని అక్షరంగా మార్చడానికి పట్టిక కూడా అక్కర్లేదు. వరసలోంచి ఒకటి తీసేసి ఆరుతో హెచ్చవేసి, నిలువు కలిపి, 64 కలపండి. సైన్‌కి మూడార్లు పద్దెనిమిది, ఒకటి పంతొమ్మిది, 64తో 83. ఆస్కీలో 83 అంటే ఎస్. ఎస్‌టీఓ 32, లెక్క కడితే 78, ఎన్. పైనుంచి నాలుగు వరసలు ఇలా సాఫీగా పోతాయి. ఐదో వరసలో ఎంటర్ మీట రెండు మీటల చోటు ఆక్రమించి, లెక్కలో ఒక్కటిగానే ఉంటుంది. అక్కడి వై, జడ్ మాత్రం ఒకటి ఎక్కువొస్తాయి, ఒకటి తగ్గించుకోవాలి. పైగా ఈ పద్ధతిలో ఆల్ఫా మీట జోలికే పోనక్కర్లేదు. మీటలు మన చేతిలో ఉన్నాయి, ఏది ఏ అక్షరమో మనం చెప్పిందే వేదం. పైకి లెక్కల మిషన్‌గా కనిపించే ఈ వస్తువు ప్యాకెట్ రేడియోలో చేసే మొత్తం లెక్క ఇదే.

ఇరుకు స్క్రీను బాధ

డిస్ప్ ఆదేశంతో మామూలు అక్షరాల్లో చూపిస్తే స్క్రీను మీద వరసకి 22 అక్షరాలు, ఏడు వరసలు పడతాయి. మొత్తం 154. మామూలు టెర్మినల్ అంటే వరసకి 80, ఇరవై నాలుగు వరసలు, 1920. పన్నెండో వంతు గదిలో కాపురం పెట్టినట్టు. ఎక్కువ మంది ప్యాకెట్ బులెటిన్ బోర్డులు (హ్యామ్‌లు ఉత్తరాలు పెట్టుకుని చదువుకునే కంప్యూటర్లు) వాడేది ఉత్తరాల జాబితా చూడటానికి. నంబరు, ఎవరికి, ఎవరు, తేదీ, విషయం అన్నీ కలిపి ఒక్కో ఉత్తరానికి 80 అక్షరాల దాకా ఒక వరస. అది ఇక్కడ నాలుగు వరసలవుతుంది. ఏడు వరసల స్క్రీను మీద రెండు ఉత్తరాల వివరాలు కూడా పూర్తిగా పట్టవు. పైకి జారిపోయినది పోయినట్టే. మెమరీలో దాచుకుంటే తప్ప తిరిగి రాదు.

కొంత ఉపశమనం టీఎన్‌సీ దగ్గరే దొరుకుతుంది. దానికి స్క్రీన్‌ఎల్ఎన్ అనే అమరిక ఉంది. మామూలుగా 80 ఉంటుంది. దాన్ని 22 చేస్తే ప్రతి 22 అక్షరాలకీ అదే వరస తెంపి పంపుతుంది. క్యాలిక్యులేటర్ ప్రోగ్రాములో సగం తలనొప్పి అక్కడితో తీరుతుంది. పోస్టుమాస్టరే చిన్న కాగితాల మీద తిరగరాసి ఇచ్చినట్టు. ఇంకో చిన్న చికాకు వరస చివర వస్తుంది. కంప్యూటర్లు వరస ముగింపుకి పంపే క్యారేజ్ రిటర్న్ అక్షరం హెచ్‌పీ 48కి బొమ్మ లేని అక్షరం. నల్లచదరంగా వేసి ఊరుకుంటుంది. ప్రతి వరస చివరా దిష్టిచుక్కలా అది కనిపిస్తే, ప్రోగ్రాములో 13వ నంబరు అక్షరాన్ని ఏరిపారేయాలి.

తెలుగు సంగతి అడుగుతారేమో. ఏఎక్స్.25కి భాషాభేదం లేదు, ఏ బైట్లయినా మోస్తుంది. ‘నమస్కారం’ని యూనికోడ్‌లో రాస్తే ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, ఇరవై నాలుగు. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే పది. టీఎన్‌సీని ఎనిమిది బిట్లకి మారిస్తే రేడియో దాన్నీ మోసుకుపోతుంది. ఆగిపోయేది స్క్రీను దగ్గర. ఐదు చుక్కల వెడల్పులో ‘స్కా’ పట్టించగలిగినవాడికి నేను దండం పెడతాను.

మరి ఎందుకు?

నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లోనే ఇంతకన్నా మంచి వస్తువులున్నాయి. 1983లో వచ్చిన రేడియో షాక్ మోడల్ 100లో వరసకి 40 అక్షరాలు, ఎనిమిది వరసలు, అసలు కీబోర్డు, టెర్మినల్ ప్రోగ్రాము అన్నీ లోపలే ఉన్నాయి. బయట తిరిగే హ్యామ్‌లు చాలామంది దాన్నే మోసుకెళ్లారు. హెచ్‌పీయే 1991లో 95ఎల్ఎక్స్ అనే జేబు కంప్యూటర్ తెచ్చింది. వాటి పక్కన క్యాలిక్యులేటర్ టెర్మినల్‌గా నాసిరకమే. దాని బలం ఒక్కటే. ఇంజనీరు జేబులో ఎలాగూ ఉంటుంది. కొండమీద రిపీటర్ (విన్నదాన్ని తిరిగి ప్రసారం చేసే రేడియో) పెట్టె తెరిచి టీఎన్‌సీలో ఒక అమరిక మార్చాలి, ఎవరెవరు వినిపించారో చూడాలి, రెండు ముక్కలు పంపాలి. అలాంటి పనికి 22 అక్షరాలు చాలు. ఉత్తరాలు చదవడానికి చాలవు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. ప్యాకెట్ రేడియో గురించి వెతికితే కిస్ అనే మాట కనిపిస్తుంది. 1987లో మైక్ చెప్పోనిస్, ఫిల్ కార్న్ దాన్ని రూపొందించారు. అది టీఎన్‌సీ తెలివిని తీసేసే పద్ధతి. చిరునామాలు రాయడం, అక్నాలెడ్జ్‌మెంట్ చూసుకోవడం, మళ్లీ పంపడం అన్నీ కంప్యూటర్ నెత్తిన పడతాయి. టీఎన్‌సీకి ఈలలు ఊదడం, జెండాలు కట్టడం, చెక్‌సమ్ చూడటం మాత్రమే మిగులుతాయి. ఒకే డబ్బా ఈ రెండు వేషాలూ వేయగలదు. తెలివి డబ్బాలో ఉంటే క్యాలిక్యులేటర్ సరిపోతుంది. తెలివి కంప్యూటర్లో ఉండాలంటే క్యాలిక్యులేటర్‌కి తలకి మించిన భారం. ఇప్పుడు దొరికే బ్లూటూత్ టీఎన్‌సీలు చాలావరకు కిస్ రకమే. ఫోన్లో తెలివి దండిగా ఉంది కాబట్టి డబ్బా మొద్దుగా ఉన్నా ఫర్వాలేదు. అందుకే పాత హెచ్‌పీ 48ని దులిపి, వైరు పెట్టే చోటున్న కిస్ రకం టీఎన్‌సీకి తగిలిస్తే చెత్త అక్షరాలు తప్ప ఏమీ రావు. క్యాలిక్యులేటర్ పాడైందని కాదు, పోస్టుమాస్టర్ ఉద్యోగం మానేశాడని అర్థం. వాడేదల్లా తెలివైన మోడ్ ఉన్న పాత టీఎన్‌సీ అయి ఉండాలి.

అలాంటిది చేతికి దొరికితే, హ్యామ్ లైసెన్సు ఉంటే, మన దగ్గరా ఇది ఆడుకోదగ్గ ఆటే. లైసెన్సు లేకుండా ప్రసారం నేరం. పరీక్షకి చదువుకోవాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ 1983 నుంచీ ఉంది. సందేశంలో గుప్తలిపి, వ్యాపారం కుదరవు. మీరు పంపిందంతా ఊరంతా చదవొచ్చు.

పక్కన ఇంకో ప్యాకెట్ హ్యామ్ లేకపోయినా ఫర్వాలేదు, ఒక రిపీటర్ మన నెత్తిమీదే తిరుగుతుంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హ్యామ్ రేడియో ప్యాకెట్ మోడ్‌లో పెట్టి ఉన్నప్పుడు 145.825 మెగాహెర్ట్జ్ మీద విన్న ప్యాకెట్లని తిరిగి పంపుతుంది. ఇక్కడ కనెక్షన్ గొడవ లేదు. అక్నాలెడ్జ్‌మెంట్ లేని పోస్టుకార్డు పద్ధతి. టీఎన్‌సీకి అన్‌ప్రోటో అనే ఆదేశంతో సీక్యూకి (అంటే వినేవాళ్లెవరికైనా), కేంద్రం మీదుగా అని దారి చెప్పి, మాట కొట్టి, ఎంటర్ నొక్కాలి. కేంద్రం దూసుకుపోతుంటే ఫ్రీక్వెన్సీ అటూఇటూ మూడు కిలోహెర్ట్జ్ పైచిలుకు జరుగుతుంది గానీ, ఈ ఈలలు ఎఫ్ఎం మీద వస్తాయి కాబట్టి చాలావరకు తట్టుకుంటాయి. క్షితిజం నుంచి క్షితిజం దాకా పది నిమిషాలు ఉంటుంది. మీ వేళ్ల వేగానికి అదీ ఇరుకే, కాబట్టి మాట ముందే కొట్టి దాచుకోండి.

అందితే మీ ప్యాకెట్టే మీకు తిరిగి వినిపిస్తుంది. స్క్రీను మీద మొదట మీ కాల్‌సైన్, ఆరు అక్షరాలు అనుకుందాం. తర్వాత ఒక బాణం గుర్తు, సీక్యూ, కామా, ఆర్ఎస్0ఐఎస్ఎస్ అనే కేంద్రం కాల్‌సైన్, దాన్ని దాటి వచ్చిందని చెప్పే నక్షత్రం గుర్తు, కోలన్. అన్నీ లెక్కపెడితే పద్దెనిమిది. ఆ వరసలో ఇంకా నాలుగు గళ్లే ఖాళీ. వాటిలో ‘నమ’ పడుతుంది, ‘స్కారం’ కింది వరసకి దిగుతుంది.